రొండిని దోపిన చాకు

మన మహాసభల సంచికలయందు దేవాలయ శిల్పమును గూర్చియు, రథనిర్మాణమును గూర్చియు, పంచవృత్తుల శాస్త్రీయతను గూర్చియు వ్యాసములు తఱచుగా వెలువడుచుండును. 1818వ సంవత్సరపు చిత్తూరు అదాలతు తీర్పును స్మరింపని సభ మనలో నరుదు. ఇవన్నియు కావలసినవే. కాని మన కమ్మరుల చేతినుండి వెలువడిన వస్తువులలో మిక్కిలి యెక్కువమంది, మిక్కిలి యెక్కువ దినములు, మిక్కిలి దగ్గఱగా దేహముననే ధరించిన వస్తువొకటి గలదు. అది రథము కాదు, ఖడ్గము కాదు. పంచెకట్టు మడతలో, మొలత్రాటికి తగిలించి గాని రొండిని దోపుకొని గాని మన తాతలు నిత్యము వెంటదీసికొని తిరిగిన చిన్నచాకు. నాగటికఱ్ఱును గూర్చి పద్యములు గలవు, ఖడ్గమును గూర్చి ప్రబంధవర్ణనలు గలవు. ఈ చిన్నవస్తువును గూర్చి మాటాడువారు లేరు. కులబాంధవులును, పోషకులును నా సాహసమును మన్నించి యీ నాలుగు పుటలు చదువుదురు గాక.

తెలుగున కత్తి యను మాట విశాలమైనది. రాజు పట్టినదియు కత్తియే, మంగలి పొదిలోనిదియు కత్తియే, కూరగాయలు తఱుగుటకు పీటకు దిగగొట్టినదియు కత్తిపీటయే. బాకు, పిడిబాకు, చురకత్తి యనునవి పొడుచుటకై పుట్టినవి. కొడవలి కోతకు, గీతకత్తి తాటిచెట్టుకు, ఱంపె తోలుపనికి. ఇక చాకు అను మాట పారసీకమునుండి వచ్చి మనలో స్థిరపడినది. మాట పరదేశమునుండి వచ్చినను వస్తువు పరదేశమునుండి రాలేదు. ఒక అలుగు, ఒక పిడి, రెంటిని గూర్చు ఒక చీల, ఇంతియే దాని నిర్మాణము. అలుగును మడిచిన పిడిలో నొదుగును, తెఱచిన చీల బిగువున నిలుచును. కమాను లేదు, మర లేదు. చీలను బిగించుటలో సుత్తె దెబ్బ యొకటి యెక్కువైన చాకు తెఱచుకొనదు, ఒకటి తక్కువైన వ్రేళ్లను కోయును. ఆ యొక్క దెబ్బయందే కమ్మరి నేర్పు తెలియును.

దీనిని ధరించినవా రెవరు? అందఱును. రైతు రొండిని సున్నపుకాయ, చుట్ట, చాకు అను మూడును కలిసియుండెడివి. మోట మోకు తెగినచో అతుకుటకు, ఎద్దుకాలిలో దిగిన ముల్లు తీయుటకు, వేపపుల్ల చెక్కుకొనుటకు, మామిడికాయ చీల్చి ఉప్పద్దుకొనుటకు వేఱొక పనిముట్టు లేదు. మేకలకాపరి దానితోనే మండలు కొట్టెను, దానితోనే వెదురు చెక్కి పిల్లనగ్రోవి చేసికొనెను. వ్రాయసకాండ్రకు దాని యవసరము మఱియు నెక్కువ. తాటాకు అంచు సరిచేయక గంటము నడువదు. దక్షిణదేశపు గంటములలో కొన్నిటికి ఒక కొనను వ్రాయుములుకును, మఱియొక కొనను మడతకత్తియు నమర్చియుండుట చూచినవా రెఱుగుదురు. కాగితము వచ్చిన పిమ్మట నిజాము కచేరీల మునిషీలు ఱెల్లుకలము చెక్కుటకు చిన్నకత్తిని వెంటనుంచుకొనిరి. దానిని ‘కలంతరాష్’ అనిరి. ఆంగ్లేయులు ‘పెన్‌నైఫ్’ అనిన మాటకును అర్థమిదియే, పక్షియీక కలమును చెక్కెడి కత్తి. ఈ మాటను చదువరులు జ్ఞాపకముంచుకొందురు గాక. ముందు దీనితో పని పడును.

ఈ చాకులపై చేసినవాని పేరు లేదు. పంటనాడు కళ్లమువద్ద మేర కొలిపించుకొని, యేడాదిపొడవున ఊరి పనిముట్లన్నియు చేసియిచ్చు కమ్మరికి ముద్రతో పనియేమి? ఊరెల్ల యెఱిగిన చేతికి సంతకమేల? నాడది గౌరవమే. కాని ఆ గౌరవమే పిమ్మట మనకు నష్టమైన విధము చెప్పుటకే యీ వ్యాసము.

నేను నివసించు నల్లగండ్లనుండియే యారంభింతును. ఇప్పుడు దీనిని పల్లెయనిన నవ్వుదురు. 1998లో మాదాపురమున సైబర్ టవర్స్ తెఱవబడిన పిమ్మట ఐటీ సంస్థలు పడమటికి వ్యాపించెను. 2007లో శేరిలింగంపల్లి పురపాలకముతో కూడ ఈ ప్రాంతము మహానగరమున కలిసెను. చెఱువుచుట్టును బహుళాంతస్తుల భవనములు లేచెను. ఐనను, ఊరి ప్రక్కనే కంచె కావల, 1974లో స్థాపితమైన హైదరాబాదు విశ్వవిద్యాలయపు ఆవరణలో బండరాళ్ల నడుమ బృహచ్ఛిలా సమాధులు గలవు. చరిత్రాచార్యులు కె. పి. రావుగారు త్రవ్వింపగా నందు ఇనుప వస్తువులు వెలువడెను. వానిలో చిన్నకత్తులును, అలుగులును గలవు. కాంతిప్రేరిత కాలనిర్ణయ పద్ధతిచే పరీక్షింపగా కొన్ని క్రీస్తుపూర్వము రెండువేల యేండ్లకును వెనుకటివని 2015 ప్రాంతమున ప్రకటింపబడెను. అంత ప్రాచీనతను విద్వాంసులందఱు నింకను అంగీకరింపలేదు. మన సభలలో దీనిని వినినవారు వెంటనే వేదకాలపు విశ్వకర్మతో ముడిపెట్టుదురు. నాకా తొందర లేదు. ఆ లెక్కనుండి వేయియేండ్లు తగ్గించుకొనినను, మనము కూరగాయలు కొనుటకు పోవు త్రోవకు కూతవేటు దూరమున, చచ్చినవానితో కూడ ఒక చిన్నకత్తిని పాతిపెట్టిన మనుష్యులుండిరను మాట మిగులును. వాడు పరలోకమునకు సయితము దానిని విడిచి పోలేదు.

ఇనుమునుండి ఉక్కునకు వత్తము. మెత్తని యినుముతో చేసిన చాకు వాదర నిలువదు. ఒక వేపపుల్ల చెక్కిన వంగును. వాదర నిలుచుటకు ఇనుమున బొగ్గుపాలు చేరవలెను. నూటికి ఒకపాలుకు లోపుగ నున్న ఉక్కు సామాన్యపు కత్తికి చాలును. ఒకటినుండి రెండుపాళ్లవఱకు చేర్చి, మూసలో కరగించి, మెల్లగ చల్లార్చిన ఉక్కు మన దక్కనుది. సరియైన వేడిని సాగగొట్టిన దానిపై నీటియలలవంటి రేఖలు తేలును. ఉత్తర తెలంగాణమంతయు దీని కొలుముల శిథిలములతో నిండియున్నది. ముడియినుము తీయువారిని ముద్దకమ్మరులనిరి, దానిని పనిముట్టుగ మలచువారు ఊరికమ్మరులు. మూసల పెంకులును, చిట్టెపు దిబ్బలును నేటికిని చెఱువుగట్లప్రక్కన కనబడును. 2010లో ఎక్సెటరు విశ్వవిద్యాలయమువారును, బెంగుళూరులోని జాతీయ ఉన్నతాధ్యయన సంస్థవారును కలిసి పల్లెపల్లె తిరిగి యట్టి స్థలములను వందలకొలది గుర్తించిరి. అంతకు మునుపే ఎస్. జైకిషన్‌గారు కాలినడకన నీ చిట్టెపు దిబ్బలను వెదకి వ్రాసియుండిరి.

వీనిలో ముఖ్యమైనది కోనసముద్రము. నేటి నిజామాబాదు జిల్లా కమ్మరపల్లి మండలములోని పల్లె. ఊరి పేరిట సముద్రమనగా పెద్దచెఱువని తెలంగాణమువారికి చెప్పనక్కఱలేదు. పదునేడవ శతాబ్దమున ఫ్రెంచి రత్నవర్తకుడు తావెర్నియే పారసీకమునకు పోవు రేఖల యుక్కు గోలకొండ రాజ్యమునుండి వచ్చుచున్నదని వ్రాసెను. అతని సమకాలికుడు తెవెనో 1667 ప్రాంతమున ఈ త్రోవను ప్రయాణించి, ఇందల్వాయియందు ఖడ్గములును, బాకులును, ఈటెలును విస్తారముగ చేయబడి దేశమంతట అమ్ముడుపోవుచున్నవని చెప్పెను. నేడు రైలుబండి యందు నిలుచునో నిలువదో గాని ఇందల్వాయి యను స్టేషను గలదు. కిటికీనుండి చూచువారిలో ఒక్కడైనను ఇది బాకుల పుట్టినిల్లని యెఱుగడు.

మహాత్రికోణమితీయ సర్వేయందు లాంబ్టనుదొరతో కూడ తిరిగిన వైద్యుడు, భూగర్భశాస్త్రజ్ఞుడు హెన్రీ వాయ్సీ కోనసముద్రమున నిలిచి పనిని కన్నులార చూచెను. ఆయన 1824లో మరణించెను. వ్రాత 1832లో కలకత్తా ఏషియాటిక్ సొసైటీ పత్రికలో అచ్చయ్యెను. రెండుచోట్లనుండి తెచ్చిన రెండువిధముల ఇనుమును పాళ్లు చూచి మూసలో నుంచి, మూతవైచి, మట్టిమెత్తి, ఇంచుమించు రేయింబవళ్లు తిత్తులు నడిపించుట, పిమ్మట మూసను పగులగొట్టి ఉక్కుబిళ్లను తీసి, దానికి మరల మట్టిపూసి పలుమాఱులు కాల్చి మెత్తపఱచుట, ఇదియంతయు నతడు వర్ణించెను. అక్కడ ఆయన కలిసికొనిన ఇస్ఫహాను వర్తకుని పేరును వ్రాసియుంచెను. హాజీ హుసేను. అంతదూరమునుండి వచ్చి, కొలిమియొద్ద కూర్చుండి, ఉక్కుబిళ్లలను తూచి కొనుచుండెనట. కొనినవాని పేరు మనకు తెలిసినది. తిత్తి త్రొక్కినవాని పేరు, మూస పట్టినవాని పేరు, ఎన్నవ జామున వేడి చాలునో కంటితో చూచి చెప్పినవాని పేరు మనకు చేరలేదు.

ఇక లండనునకు పోవలెను. ఏలయన, మన యుక్కుతో చేసిన చిన్నచాకును గూర్చి శాస్త్రగ్రంథమున చేరిన మాట దొరకునది యక్కడనే. 1794 ప్రాంతమున బొంబాయినుండి హెలెనస్ స్కాటను వైద్యుడు కొన్ని ఉక్కుబిళ్లలను రాయల్ సొసైటీ అధ్యక్షుడు జోసెఫ్ బ్యాంక్సునకు పంపెను. దానికి ‘ఊట్జ్’ అని పేరు వ్రాసెను. మన ఉక్కు అను మాటయే నోళ్లు మాఱి యట్లయినదని పలువురి యభిప్రాయము. జార్జి పియర్సను దానిని పరీక్షించి 1795లో రాయల్ సొసైటీ సభయందు వ్యాసము చదివెను. పరీక్షలలో నొకటి మనకు ప్రియమైనది. స్టోడార్టు అను కత్తులపనివానిచే ఒక ముక్కను సాగగొట్టించి పెన్‌నైఫ్, అనగా కలము చెక్కు చాకు, చేయించిరి. ఆ యుక్కును సాగగొట్టుట మిక్కిలి కష్టమయ్యెను. ఐరోపా ఉక్కునకు అలవడిన చేతులు ఎక్కువ వేడి పెట్టిన అది పొడిపొడియై రాలును, తక్కువ వేడి పెట్టిన సమ్మెటను త్రిప్పికొట్టును. మందమైన కెంపువేడియందే, ఓర్పుతో కొట్టవలెను. తుదకు చాకు సిద్ధమైనపుడు దాని వాదర వారి శ్రేష్ఠమైన ఉక్కు వాదరకు దీసిపోలేదు. శస్త్రచికిత్స పనిముట్లకు సయితమిది మిక్కిలి తగినదని స్టోడార్టు తలచెను. పిమ్మట నతడు తన అంగడి ప్రకటనపత్రముపై క్షురకర్మ కత్తులును, వైద్యుల కత్తులును భారతదేశపు ఊట్జ్ ఉక్కుతో చేయుదుననియు, ఐరోపా ఉక్కుకంటె నిదియే మేలని పరీక్షించి తెలిసికొంటిననియు అచ్చువేయించెను.

ఇంతటి పొగడ్త గల యా వ్యాసపు శీర్షికయందు ఈ ఉక్కు ఎచ్చట చేయబడినదని యున్నది? ‘బొంబాయియందు’ అని. బొంబాయి ఓడరేవు. అక్కడ మూసయు లేదు, ముద్దకమ్మరియు లేడు. ఓడ ఎక్కినచోటే పుట్టినచోటైనది. దక్కనుదో, మైసూరుదో, సేలముదో, ఆ బిళ్ల యేపల్లె కొలిమిదో శీర్షికకు అక్కఱలేకపోయెను. స్కాటు పేరున్నది, బ్యాంక్సు పేరున్నది, పియర్సను పేరున్నది, సాగగొట్టిన స్టోడార్టు పేరును ఉన్నది. చేసినవానికి పేరు లేదు సరే, ఊరును లేకపోయెను.

మఱి కొన్ని యేండ్లకు ఆ స్టోడార్టే మైకేల్ ఫారడేతో కలిసి మన ఉక్కు మర్మమును కనుగొన బూనెను. ఫారడే కమ్మరికొడుకు. ఈ మాటను మన బాలురకు చెప్పుచుండుట మంచిది. 1819 మొదలు వారు విశ్లేషణములు చేసి, దానిని అనుకరించుటకై ఇనుమున వెండి, ప్లాటినము మొదలైన లోహములు కలిపి చూచి, 1820లోను 1822లోను వ్యాసములు ప్రకటించిరి. ఉక్కు రహస్యము బొగ్గుపాలులోను, చల్లార్చు పద్ధతిలోను ఉన్నదని వారు గ్రహింపలేకపోయినను, మిశ్రమ ఉక్కుల శాస్త్రమునకు అదియొక తొలియడుగయ్యెను. మన పల్లెల బిళ్ల అటుపోయి శాస్త్రమైనది. ఇటు మనకేమైనది?

ఇటు షెఫీల్డు చాకులు వచ్చెను. 1856లో బెస్సెమరు పద్ధతి వచ్చిన పిమ్మట ఉక్కు చవుకయ్యెను, రైలుబండ్లు దానిని లోపలి సంతలకు చేర్చెను. ఒక ఉక్కుబిళ్లకై రేయింబవళ్లు తిత్తి నడిపి, బండ్లకొలది బొగ్గు కాల్చు పని ఆ ధరకు నిలువదు. అడవులు కట్టుదిట్టములలోనికి పోగా బొగ్గుకాల్చుటయే నేరమయ్యెను. పందొమ్మిదవ శతాబ్దాంతమునకు దక్కను మూసలు చల్లారెను. ఊరికమ్మరి మాత్రము బ్రతికెను. అతడు వచ్చిన ముక్కనెల్ల చాకు చేసెను. విఱిగిన ఆకురాయి, బండిచక్రపు పట్టా, రైలుపట్టా తునక, నేడు లారీ కమాను. మనలో కొందఱు ‘పరదేశ వ్యాపారము మన విద్యను చంపినది’ అని యొక్కమాటతో ముగింతురు. నాకది సగము నిజముగ తోచును. విద్యను వ్రాసి యుంచుకొననివాడు దానిని రెండుమాఱులు పోగొట్టుకొనును, ఒకమాఱు కొలిమి చల్లారినపుడు, మఱియొకమాఱు ముసలివాడు చనిపోయినపుడు. మన తండ్రులు కొడుకులకే గాని కాగితమునకు చెప్పలేదు.

చాకు ఆయుధమా, పనిముట్టా యను ప్రశ్న నేడెల్లెడల వినబడుచున్నది. హైదరాబాదు నగరమున ఈ రెంటి భేదము పూర్వము స్పష్టముగ నుండెడిది. నిజాము అరబ్బు పటాలములవారు నడుమున వంకర జంబియాను ధరించిరి. బార్కసునందు వారి సంతతి నేటికిని గలదు. అది జాతిగౌరవము, పదుగురికి కనబడవలెనని పెట్టుకొనునది. రైతు చాకు కనబడకుండ మడతలో నుండునది. పిమ్మట రాంపూరు చాకు చలనచిత్రములలో రౌడీ చేతికెక్కి మాటకే అపకీర్తి తెచ్చెను. ఉత్తరప్రదేశ ప్రభుత్వము దాని అలుగు నిడివిని నాలుగున్నర అంగుళములకు కట్టడిచేయగా, ఆ పనివారు అన్నమునకు లేక వేఱు వృత్తులకు పోయిరి. తెరపై కత్తిదూసిన నటునికి చప్పట్లు దక్కెను, దానిని చేసిన సాయిబుకు కట్టడి దక్కెను.

శాసనమేమనుచున్నది? 1959 ఆయుధ చట్టము క్రింద చేయబడిన నిబంధనలలో, తొమ్మిది అంగుళములకంటె నిడుపుగ గాని రెండంగుళములకంటె వెడల్పుగ గాని అలుగు గల కత్తులు ఆయుధముల పట్టికలో చేరినవి. ఇంటిపనికి, సేద్యమునకు, శాస్త్రమునకు, పరిశ్రమకు ఉద్దేశింపబడినవి ఆ పట్టికలో చేరవు. మన తాతల చాకు అలుగు మూడంగుళములు మించదు. కావున పట్టికనుబట్టి చూచిన అది పనిముట్టే. ఐనను విమానమున మనతో కూడ నుంచుకొనుటకు వీలులేదు. ఐటీ భవనముల ద్వారములవద్దను, అంగళ్ల సముదాయముల వాకిళ్లవద్దను దానిని చూచినంతనే ప్రక్కకు పిలుతురు. ఈ కట్టడులను నేను తప్పుపట్టను. వేలమంది యొకచోట చేరునెడ జాగ్రత్త యవసరము.

నా కథ యొకటి చెప్పి ముందునకు పోవుదును. మా తాతగారు తన చేతితో చేసికొనిన చాకు నాకు సంక్రమించియుండెను. గేదెకొమ్ము పిడి, అలుగు సగము సానకే యఱిగిపోయినది. ముప్పదియేండ్లు నా జేబులోనుండెను. కొన్ని యేండ్ల క్రిందట ఒక కార్యాలయమున నాకు తెలిసినవారిని చూడబోయితిని. ద్వారముకడ యంత్రము కూయగా చాకును తీసి యొక పెట్టెలో వేయుమనిరి. అందు కత్తెరలు, అగ్గిపెట్టెలు, గోరుగిల్లులు చాల నుండెను. చీటి యిమ్మని నేనడుగలేదు, వారు ఇయ్యలేదు. సాయంకాలము తిరిగివచ్చునప్పటికి కాపలావారు మాఱిరి, పెట్టెయు మాఱెను. మఱునాడును, ఆ మఱునాడును పోయి విచారించితిని. ‘ఏ కంపెనీ చాకు? పేరేమున్నది దానిమీద?’ అని ఆ పిల్లవాడు మర్యాదగనే యడిగెను. నాకు సమాధానము లేదు. దానిమీద పేరు లేదు. గుర్తు చెప్పుడనిన, అరిగిన అలుగనియు, నల్లని పిడియనియు చెప్పితిని. అట్టివి లోకమున నెన్ని యుండవు? తాతగారి చేతిపనిని తాతగారిదని నిరూపించుటకు నాయొద్ద ఒక అక్షరమైనను లేకపోయెను. పియర్సను వ్యాసపు శీర్షిక నాకా దినముననే సరిగ అర్థమైనది.

నాటినుండి చాకులను సేకరింపసాగితిని. సేకరణమనగా మనవారికి సాలార్‌జంగు జ్ఞాపకము వచ్చును. మూడవ సాలార్‌జంగు మీర్ యూసుఫ్ అలీఖాన్ 1949లో మరణించెను. ఆయన వస్తువులతో 1951 డిసెంబరు 16న మ్యూజియము తెఱవబడినది. అందలి ఆయుధశాలను చూడనివారు చూడవలెను. జహంగీరు బాకు, నూర్జహాను పండ్లు కోసికొనిన కత్తి యని చూపు రత్నఖచితములు గలవు. చక్రవర్తినియు పండు కోసికొనుటకు చిన్నకత్తినే పట్టెనను సంగతి నాకెంతయో ముచ్చట గొలిపినది. కాని రైతు మామిడికాయ కోసిన చాకు అక్కడ లేదు. రత్నము పొదిగినది దాచబడును. అరిగినది తూకమునకు పోవును. ఇది సేకర్తల తప్పు కాదు, చేసినవారమైన మనమే దానిని దాచదగిన వస్తువని తలపలేదు.

పరదేశములవారు తలచిరి. ఫ్రాన్సులోని సావోయి కొండపల్లెయందు పనిముట్లుచేయు కమ్మరింట బుట్టిన జోసెఫ్ ఒపినెల్ 1890లో కఱ్ఱపిడి చాకొకటి చేసెను. అది మన రైతు చాకుకంటె గొప్పది కాదు. కాని 1909లో కిరీటమును చేతిని ముద్రగ నమోదుచేయించి అలుగుపై కొట్టించెను. నేడు నల్లగండ్ల యువకులు ఆ చాకును రుసుము పెట్టి తెప్పించుకొని, దాని వంశచరిత్ర నాకు చెప్పుదురు. జపానులో 1876లో ఖడ్గధారణము నిషేధింపబడెను. తరువాత మికి పట్టణపు కమ్మరులు హిగొనొకామి యను మడతచాకును చేసిరి. అదియు ఒక అలుగు, ఒక పిడి, ఒక చీల, కమాను లేదు. అచ్చముగ మనదే. ఆ పేరును సంఘమువారు తప్ప ఇతరులు వాడరాదని కట్టుబాటు చేసికొనిరి. పిమ్మట పిల్లలచేత చాకు ఉండరాదను ఉద్యమము వచ్చి, పని క్షీణించి, చేయువారు వ్రేళ్లమీద లెక్కింపదగినవారైనను, పేరు నిలిచినది. మన సంఘములు తీర్మానములు చాల చేసినవి. చాకుకు ముద్రవేయించు తీర్మానము మాత్రము నేను చూడలేదు.

నా సేకరణ ఎట్లనిన, పాతయినుము కొట్లే నాకు మ్యూజియములు. తూకమునకు వచ్చిన రాశిలో చేయిపెట్టి వెదకవలెను. తుప్పుపట్టిన అలుగును చూచి వెంటనే సానపట్టరాదు. పాత అలుగుపై రేఖలున్నచో సానతో పోవును. కొంచెము నూనె రాసి గుడ్డతో తుడిచిన చాలును. దుప్పికొమ్ము పిడి గలదానిని కొనవలదు, 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టము క్రింద దాని క్రయవిక్రయములు చెల్లవు. గేదెకొమ్ము, తుమ్మకఱ్ఱ, ఇత్తడి పిడులకు బాధ లేదు. నాయొద్ద నేడు నలువదికి పైగా గలవు. పండుగనాడు పిల్లలకు చూపుదును. నా కోడలు వీనిని ‘మామయ్యగారి తుప్పులపెట్టె’ యని పిలుచును, ఐనను మామిడికాయల కాలమున అందుండి యొకటి తీసికొనిపోవుచుండును. కాని యీ నలువదిలో చేసినవాని పేరు నేను వ్రాసికొనగలిగినవి ఏడే. తక్కిన వానికి ఊరైనను తెలియదు.

ఆ యేడింటిలో ఒకటి కొత్తది. శంకరుపల్లి దారిలోని పల్లెయొకదానిలో కొలిమి యింకను వెలుగుచున్నదని విని పోయితిని. ఎనుబదికి దగ్గఱపడిన వృద్ధుడు దాగలిముందు కూర్చుండియుండెను. ‘పెద్దబాపూ, నాకొక చాకు కావలె. మడిచేది’ అంటిని. ఆయన నన్ను పైకిక్రిందికి చూచి, ‘గిప్పుడు చాకెవరు పెట్టుకుంటరు బిడ్డా? కొడవలి పదును కోసం వస్తరు గంతె. ఇది లారీ కమాను ముక్క, ఉక్కు కాదు, గనీ నిలుస్తది’ అనెను. రెండు గంటలు కొట్టెను. చీల బిగించునపుడు మాత్రము నన్ను మాటాడవలదని చేయి చూపెను. పిమ్మట మూడు మాఱులు తెఱచి మూసి నా చేతిలో పెట్టెను. ‘దీనిమీద నీ పేరు కొట్టు పెద్దబాపూ’ అని నేననగా నవ్వి, తనకు అక్షరములు రావనెను. నేను నేలపై మసిబొగ్గుతో ఆయన పేరిట మొదటి యక్షరమును వ్రాసి చూపితిని. ఆయన దానిని చాలసేపు చూచి, పోగరు తీసి, పిడి చేరువను, అలుగుమీద నాలుగు దెబ్బలలో చెక్కెను. వంకరగనే వచ్చినది. ‘మా అయ్య పేరుకూడ గిదే అక్షరం’ అనెను.

మహాసభ ప్రదర్శనమునకు నేనీ నలువది చాకులను తెచ్చుచున్నాను. కులబాంధవులు తమ యిండ్ల అటకలమీద, పాత పెట్టెలలో, వంటింటి చూరులలో ఇట్టివి యున్నచో తమతో తీసికొనిరావలెనని ప్రార్థన. వచ్చునపుడు ఒక చీటిపై మూడు సంగతులు మాత్రము వ్రాయుడు. చేసినవారి పేరు, ఊరు, ఏ యినుముతో చేసిరో. పేరు తెలియనిచో ఇంటి పెద్దలను ఈ వారముననే యడుగుడు.